పాట పుట్టుకతోనే రావాలా? మా జేజి మీద కట్టిన పాట గురించి

నాపబండ, తాడిపత్రి

అందరికీ నమస్కారం. పాటలు కట్టేవాళ్లు, పాడేవాళ్లు, తెలుగు బాగా చదువుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కొంచెం పొడుగుగా ఉంటుంది, ఓపిక పట్టి చదవండి.

నా వయసు 31. పదో తరగతితో చదువు ఆగిపోయింది. తాడిపత్రిలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో 12 ఏళ్లుగా పని చేస్తున్నా. బండను పరిచి, నీళ్లు వదిలి, తిరిగే మిషన్ తలను చేత్తో అటూ ఇటూ లాగుతూ బండంతా తిప్పడం నా పని. ముందు గరుకు రాయి బిగిస్తాం, తర్వాత దానికంటే నున్నటిది, అట్లా అద్దం మాదిరి మెరిసే దాకా. మోటారు పొద్దస్తమానం ఒకే మోత మోగుతుంది. ఆ మోతే నాకు శ్రుతి. చెయ్యి అటూ ఇటూ పోతుంటే నోట్లో ఏదో ఒకటి ఆడుతుంది. మాట ముందు రాదు. నడక ముందు వస్తుంది, ఎప్పుడో ఆ నడక మీదికి ఒక మాట వచ్చి కూర్చుంటుంది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఫోన్లో పాడి దాచుకుంటా. అట్లాంటివి 200కు పైగా ఉన్నాయి. మా ఇంటామెకు తప్ప ఎవరికీ వినిపించలేదు.

ఇదంతా మా జేజి, అంటే మా నాయనమ్మ దగ్గర పట్టుకున్నదని నా నమ్మకం. ఎండాకాలం చివర విత్తనానికి చెనక్కాయలు వలిచేటప్పుడు వీధిలో ఆడవాళ్లంతా మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. మధ్యలో కాయల కుప్ప, చుట్టూ చేటలు. జేజి పాట ఎత్తుకునేది. ఆ పూట ఎవరొస్తే వాళ్ల పేరు పాటలోకి ఎక్కేది. కొత్తగా కాపరానికి వచ్చిన కోడలైతే ఆమె పుట్టింటి ఊరు, ఆ ఊరి చెరువు కూడా ఎక్కేది. ఆ పిల్ల సిగ్గుపడి నవ్వేది, మళ్లీ పాడమనేది. మా జేజికి సంతకం రాదు, వేలిముద్రే. నేను ఆమె ఒళ్లో పడుకొని వింటూ నిద్రపోయేవాణ్ని. ఇంకొకటి, గూగూడులో పీర్ల పండుగకు పోయినప్పుడు అగ్గిగుండం చుట్టూ ఆడుతూ పాడేవాళ్ల మధ్య నాయన భుజం మీద కూర్చొని ఉన్నది గుర్తుంది. ఆ అడుగుల చప్పుడు ఇప్పటికీ నా కాళ్లలో ఉంది.

మొన్న మాఘమాసంలో జేజి పోయింది. ఆ రాత్రి చెక్కభజన వాళ్లు వచ్చి తెల్లారే దాకా తత్వాలు పాడినారు. నేను గోడకు ఆనుకొని కూర్చున్నా. ఏడుపు రాలేదు. తెల్లవారుజామున ఈ రెండు మాటలు వచ్చినాయి:

బండ నునుపు చేసినాను జేజీ
గుండె నునుపు చేయలేను జేజీ

పదకొండో రోజుకు ఒక చరణం కూడా కట్టుకొని, వచ్చినవాళ్ల ముందు పాడినా. చరణం ఇది:

చేనిలోన నువ్వు పాడితే జేజీ
చేలగట్లు కూడ ఊగె జేజీ

మా నాయన ఏమీ అనలేదు, లేచి బయటికి పోయినాడు. మా మామ ఒకాయన మాత్రం, 'ఇది పాత తత్వం బాణీ కదరా, ఇందులో నీదేముంది' అన్నాడు. అది మనసులో పడిపోయింది.

తర్వాత నెలకు ఒక స్టూడియోకు పోయినా. ఊరు, పేరు చెప్పను. పాట రికార్డు చేయించి జేజి సంవత్సరీకానికి అందరికీ వినిపించాలని ఆశ. అక్కడ ఒకాయన సగం విని, 'మాత్రలు తప్పుతున్నాయి. పాట రాయడం పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు. ఊరికే డబ్బు పోగొట్టుకోవద్దు' అన్నాడు. మంచికే చెప్పినాడేమో. కానీ ఆ రోజు నుంచి నాకు నోరు మూసుకుపోయింది. నాలుగు నెలలైంది. మోటారు మోగుతుంది, చెయ్యి తిరుగుతుంది, లోపల ఏమీ ఆడదు. రాత్రి నిద్ర పట్టదు, ఊరికే టెన్షన్. మా ఇంటామె, 'నువ్వు పాడకపోతే ఇంట్లో ఎవరో లేనట్టు ఉంది' అంటోంది.

అందుకే అడుగుతున్నా. పుట్టుకతో వచ్చిందా లేదా అనేది ఎట్లా తెలుస్తుంది? పాత బాణీ మీద కడితే అది నా పాట కాదా? ఈ మాత్రలవీ ఇప్పుడు కూర్చొని నేర్చుకుంటే, ఇన్నాళ్లూ దానంతటదే వచ్చింది కాస్తా ఆగిపోతుందేమో అని కూడా భయంగా ఉంది.

కీబోర్డు, కడప

అన్నా, పల్లవి చదివి ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నా. చాలా బాగుంది.

నేను భక్తి ఆల్బమ్‌లకు కీబోర్డు వాయిస్తా, అప్పుడప్పుడు ట్యూన్‌కు మాటలు రాస్తా. మా పనిలో ముందు ట్యూన్ వస్తుంది. సంగీతం చేసే ఆయన తననన అని పాడి పంపుతాడు. ఆ తననన మీద మొదట ఏవో అర్థం లేని మాటలు పెట్టుకుంటాం, డమ్మీ అంటాం. దీర్ఘం ఎక్కడ పడాలో, పొట్టి అక్షరం ఎక్కడ పడాలో చెవికి పట్టే దాకా ఆ డమ్మీనే పాడుకుంటా ఉంటాం. ఆ తర్వాత అసలు మాట వెతుక్కుంటాం. మీరు చెప్పిన 'నడక ముందు వస్తుంది' అచ్చం ఇదే. స్టూడియోల్లో జీతం తీసుకొని చేసే పనిని మీరు మిషన్ దగ్గర ఉత్తపుణ్యానికి 12 ఏళ్లుగా చేస్తున్నారు.

పుట్టుక సంగతి. మా నాయన పెళ్లిళ్లలో డోలు వాయిస్తాడు. నాకు తాళం వస్తే, 'డోలు ఇంట్లో పుట్టినాడు కదా' అంటారు. మా అన్న కూడా అదే ఇంట్లో పుట్టినాడు, అదే డోలు విన్నాడు. ఆయనకు తాళం పట్టదు. మెడికల్ షాపు పెట్టుకొని హాయిగా ఉన్నాడు. కాబట్టి ఏదో ఒకటి ఉందనే అనుకుంటా. అయితే ఆ ఏదో ఒకటి నాకు ఉందని తెలిసింది ఎప్పుడంటే, పదేళ్లు వాయించిన తర్వాత. ముందుగా చూసి చెప్పగలిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. సగం పాట విని చెప్పేసిన ఆయన మాట పట్టుకొని నోరు కట్టేసుకోవద్దు అన్నా.

మాత్రల గురించి నేను చెప్పలేను. మాకు చెవితోనే పని. కర్నూలు అయివారు చెబుతారు.

నాపబండ, తాడిపత్రి

తమ్ముడూ, చాలా సంతోషం. మీ నాయనకు నా నమస్కారం చెప్పు. అయివారూ, మీరు తప్పకుండా చెప్పండి. తప్పుంటే తప్పనే చెప్పండి, ఏమీ అనుకోను.

తెలుగు అయివారు, కర్నూలు

నాయనా, నీ రెండు ముక్కలనూ నిన్న రాత్రి నోటితో పాడుకుంటూ వేళ్ల మీద లెక్క వేశాను. తప్పు ఉంది. ఒక్క చోట ఉంది. అది ఎక్కడో చెబితే, మిగతాదంతా ఎంత సరిగ్గా ఉందో నీకే తెలుస్తుంది.

మాత్ర అంటే ఏమీ లేదు, అక్షరం పలికే కాలం. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. సున్న ఉన్న అక్షరానికి రెండు. ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరానికీ రెండే. ఇంతే గుర్తు పెట్టుకో, నీ పాటకు చాలు. ఇప్పుడు చూడు. బండ: బం రెండు, డ ఒకటి, మొత్తం మూడు. నునుపు: మూడు. చేసి: మూడు. నాను: మూడు. తర్వాత జేజీ. రెండో పాదం. గుండె మూడు, నునుపు మూడు, చేయ మూడు, లేను మూడు, జేజీ. ఒక్క మాత్ర అటూ ఇటూ లేదు. దీన్ని తిశ్రగతి అంటారు, మూడేసి మాత్రల నడక. తకిట తకిట తకిట తకిట. జేజీ అన్నది నాలుగు మాత్రలే కానీ, పాడేటప్పుడు నువ్వు చివర సాగదీసి ఆరు చేస్తావు, అప్పుడు తాళం నిండుతుంది. నువ్వు పాడగా నేను వినలేదు. అయినా అట్లాగే పాడి ఉంటావు, ఇంకోలా పాడడానికి వీల్లేదు.

ఇంకొకటి. బండ, గుండె. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం డకారమే, రెండు చోట్లా దాని ముందు సున్న. దాన్ని ప్రాస అంటారు. పద్యం రాసేవాళ్లు దీని కోసం నిఘంటువులు తిరగేస్తారు. నీకు చావింట్లో గోడకు ఆనుకొని కూర్చుంటే వచ్చింది.

ఇక తప్పు. 'చేనిలోన నువ్వు' వరకు మూడు మూడు మూడు. తర్వాత 'పాడితే' అన్నావు. పా రెండు, డి ఒకటి, తే రెండు, అయిదయ్యాయి. మూడు ఉండాల్సిన చోట అయిదు పడితే తాళం కుంటుతుంది. స్టూడియోలో ఆయన చెవికి తగిలింది ఇదే. ఆయన చెవి మంచిదే. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. 'నువ్వు పాడ జేజీ' అని చూడు. నువ్వు, పాడ, జేజీ. సరిపోయింది. ఎన్ని నెలలు నోరు మూసుకున్నావు? నాలుగు నెలలు, రెండు మాత్రల కోసం. నాకు చాలా బాధేసింది.

నేర్చుకుంటే ఉన్నది పోతుందా అని అడిగావు. నీ పక్క జిల్లా సంగతే చెబుతాను. తాళ్లపాక అన్నమయ్య 1408లో పుట్టి 1503 దాకా బతికారు. 32,000 సంకీర్తనలు పాడారని చెబుతారు, మనకు మిగిలినవి అందులో సగం కూడా లేవు. పాట పుట్టుకతో వచ్చిందంటే ఆయనకే రావాలి. ఆయన పాటలు పాడి ఊరుకోలేదు, పాట ఎట్లా ఉండాలో చెబుతూ సంస్కృతంలో సంకీర్తన లక్షణం అనే శాస్త్రం కూడా రాశారు. అది మనకు దొరకలేదు. మనవడు చినతిరుమలాచార్యులు దాన్ని తెలుగులో పెట్టారు, అది దొరికింది. పల్లవి ఎట్లా ఉండాలి, చరణం ఎట్లా ఉండాలి అని కూర్చొని ఆలోచించిన ఇల్లు అది. దానివల్ల ఆయన పాట ఎండిపోలేదు కదా. నువ్వు బండకు గరుకు రాయి వేసి తర్వాత నున్న రాయి వేస్తావని రాశావు. మాత్రల లెక్క ఆ నున్న రాయి. పాట వచ్చేటప్పుడు లెక్క వేయకు. వచ్చిన తర్వాత, మర్నాడు వెయ్యి.

పాత బాణీ గురించి. రాగిరేకుల మీద అన్నమయ్య పాటలకు రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. అసలు ఆయన ఎట్లా పాడారో ఎవరికీ తెలియదు. మీ అనంతపురం జిల్లాలోనే పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ రేకుల్లోని పాటలను పరిష్కరించి, వందకు పైగా పాటలకు స్వరం కట్టారు. అంటే మాట ఒకరిది, బాణీ 400 ఏళ్ల తర్వాత ఇంకొకరిది. అవి అన్నమయ్య పాటలు కాదని ఎవరైనా అంటారా? నీది దానికి తిరగేసినది. బాణీ పాతది, మాట కొత్తది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం వచ్చినప్పుడు పాటలు, ఆటలతో ఊరూరా తిరిగే కళాజాతాతో కర్నూలు జిల్లా పల్లెలు తిరిగాను. పగలు బడి, సాయంత్రం జీపు. ఒక ఊళ్లో ఒక ముసలామె లేచి, 'అక్షరాలు నేర్చుకుంటే బోరులో నీళ్లొస్తాయా సామీ' అని అడిగింది. మా దగ్గర ఉన్న పాటల్లో దానికి జవాబు లేదు. ఆ రాత్రి బడి వరండాలో లాంతరు పెట్టుకొని కోలాటం బాణీ మీద ఒక పాట రాశాను. నీళ్లు రావు గానీ, నీళ్లకు వచ్చిన డబ్బు ఎంతో కాగితం మీద చదువుకోవచ్చు అని దాని సారం. మర్నాడు అదే ఊళ్లో పాడాం. ఆ తర్వాత ఉద్యమం అయిపోయింది, పాటను నేనూ మరిచిపోయాను. దాదాపు 20 ఏళ్లకు ఆళ్లగడ్డ వైపు ఒక పెళ్లికి పోతే, అక్కడ ఆడవాళ్లు కోలాటం వేస్తూ అదే పాట పాడుతున్నారు. రెండో చరణంలో నా మాట తీసేసి వేరే మాట పెట్టుకున్నారు. ఆ మాట నా మాట కంటే బాగుంది. ఎవరు రాశారమ్మా అని అడిగితే, 'ఎవరు రాసేదేముంది, మా అమ్మ పాడేది' అన్నారు. నేనే రాశానని చెప్పాలని నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. ఆ రాత్రి చాలా సంతోషంగా నిద్రపోయాను.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశారు. ఆయన మీద పాట మా సీమలో నిలిచిపోయింది. ఎవరు కట్టారు? పేరు లేదు. మీ మామ అడిగినట్టు, ఇందులో నీదేముంది అని ఆ కట్టినాయనను కూడా ఎవరో అడిగే ఉంటారు.

పేరంటం, రాజంపేట

అబ్బీ, నేను పెద్దదాన్ని, నాకు 67. మనవరాలు పక్కన కూర్చొని టైపు చేస్తోంది, నేను చెబుతున్నా. అయివారికి నమస్కారం.

మాది రాజంపేట దగ్గర పల్లె. తాళ్లపాక మాకు ఎంతో దూరం లేదు, అయివారు చెప్పిన ఆయన ఊరు. ఇప్పుడు రోడ్డు పక్కన 108 అడుగుల విగ్రహం పెట్టినారు, బస్సులో పోతుంటే కనిపిస్తుంది. ఆయన మా మాదిరి ఆడవాళ్లు పాడుకొనే గొబ్బి, సువ్వి, లాలి, ఉయ్యాల, జాజర అన్నీ తీసుకొని పాడినాడు. వడ్లు దంచేవాళ్ల సువ్వి ఆయన పుట్టక ముందే ఉంది కదా. దాన్ని ఆయన తీసుకున్నాడు, మేమూ తీసుకుంటాం. మీ మామకు ఇది చెప్పు. గట్టిగా చెప్పవద్దు, పెద్దాయన.

ఇక నా సంగతి చెబుతా విను. పాట పుట్టుకతో వచ్చిందా లేదా అనేది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు పాట బొట్టు పెట్టి పిలిస్తే వచ్చింది.

నేను కాపరానికి వచ్చిన రెండో ఏడు. మా ఎదురింటి పిల్ల పెండ్లి. ఊళ్లో అప్పగింతల పాట పాడే అవ్వ ఒకామె ఉండేది, ఆమెకు అప్పుడు గొంతు పోయింది. పొద్దున్నే పిల్ల తల్లి కుంకుమభరిణె తీసుకొని మా ఇంటికి వచ్చి, 'నీకు పాటలు వచ్చునంట, నువ్వు పాడాల' అని బొట్టు పెట్టింది. నాకు మా అమ్మ పాడే అప్పగింతల పాట వచ్చు. సరే అన్నా. మధ్యాహ్నం గుర్తొచ్చింది, ఆ పాటలో నాయన చేతులతో కూతురిని అత్తింటికి అప్పగించే మాటలు ఉంటాయి. ఈ పిల్ల నాయన కువైట్‌లో ఉన్నాడు. పెండ్లికి రాలేకపోయినాడు. ఆ మాటలు పాడితే తల్లీబిడ్డా ఏమైపోతారు? పాడకుండా ఎగరగొడితే, అక్కడ నాయన లేడని ఇంకా ఎక్కువ తెలిసిపోతుంది.

వంటింట్లో పప్పు రుబ్బుతా ఉంటే మాట కలిసింది. పొత్రం తిరిగే దానికి సరిపోయినట్టు వచ్చింది:

కువైటు ఎండలో నాయనున్నాడె
కూతురి పసుపుకొంగు కంట ఉన్నాదె

అయివారూ, దీనికి లెక్క వేయవద్దు, నాకు భయం. సాయంత్రం అదే పాడినా. పిల్ల మేనమామ టేప్‌రికార్డర్ పెట్టుకొని పెండ్లి మొత్తం క్యాసెట్ ఎక్కిస్తున్నాడు. ఆ రోజుల్లో ఫోన్లు ఏవి, ఉత్తరం బదులు క్యాసెట్లే పంపేవాళ్లు. ఆ క్యాసెట్ కువైట్‌కు పోయింది. రెండేండ్ల తర్వాత ఆయన సెలవు మీద వచ్చినాడు. మా గడప దగ్గర నిలబడి, లోపలికి కూడా రాకుండా, 'అమ్మా, ఆ టేపు జీర పడిందాకా విన్నా' అన్నాడు. ఇంకేం మాట్లాడలేక వెళ్లిపోయినాడు. చేతిలో ఒక సబ్బుపెట్టె ఉండింది, గట్టు మీద పెట్టిపోయినాడు.

ఆ తర్వాత నలుగు అంటే పిలుపు, సీమంతం అంటే పిలుపు, బిడ్డను ఉయ్యాలలో వేస్తే పిలుపు. పిలిచినప్పుడల్లా ఆ ఇంటి సంగతి ఏదో ఒకటి పాట పట్టనంత ఉండేది, దానికి నేను నాలుగు మాటలు కట్టేదాన్ని. పిలుపు లేని రోజుల్లో నాకు ఒక్క మాట వచ్చేది కాదు. నీకు మిషన్ దగ్గర రోజూ వస్తుందన్నావే, అది నాకు లేదు. ఆ విషయంలో నువ్వే నాకంటే అదృష్టవంతుడివి. కానీ 200 పాటలు ఫోన్లో పెట్టుకొని ఎవరికీ వినిపించలేదన్నావు. అది మంచిది కాదు అబ్బీ. నీ చుట్టుపక్కల ఎవరికో ఒకరికి పాట అవసరం పడి ఉంటుంది. భజన వాళ్లు తెల్లారే దాకా పాడినారు కదా, వాళ్ల దగ్గరికి పో. శనివారాలు పోయి వెనక వరుసలో కూర్చో. రెండు వారాలకు వాళ్లే నీ చేతికి చెక్కలు ఇస్తారు.

నీ పాట గురించి ఒక మాట. అయివారు మాత్రలు చూసినారు. 'నువ్వు పాడ' అని మార్చమన్నారు, సరే. నాకు అక్కడ నొప్పి లేదు, నేనైతే 'పాడితే' అనే మాటను నోట్లోనే నలిపి పాడేస్తా. నాకు నొప్పి కింది పాదంలో ఉంది. 'చేలగట్లు కూడ ఊగె' అన్నావు. గట్టు ఊగదు. నువ్వు చూసింది కాదు అది, ఎక్కడో విన్నది. పల్లవిలో బండ నునుపు చేయడం నీ చేతుల్లో ఉన్నది కాబట్టి మాకు గుండె పట్టేసింది. చరణంలోకి వచ్చేసరికి జేజి కనపడకుండా పోయింది. మీ జేజి పాట ఎత్తుకొనే ముందు ఏం చేసేది? చెయ్యి ఎక్కడ పెట్టేది? నోట్లో ఏముండేది? నువ్వు ఒళ్లో పడుకొని కింది నుంచి చూసినావు కదా, ఆ వయసులో చూసినది మరిచిపోరు. అది రాయి.

తెలుగు అయివారు, కర్నూలు

తల్లీ, గట్టు ఊగదన్న మాట నాకు తట్టలేదు. లెక్కలో పడి అర్థం చూడలేదు. ఆ పాదం మాత్రలు సరిగ్గా ఉన్నాయని వదిలేశాను. మీ మాటే మాట.

'పాడితే' మాత్రం మార్చాల్సిందే. మీరు పాడితే నలుగుతుంది, ఇంకో పది మంది కలిసి పాడితే నలగదు, తలా ఒక చోట పడతారు. భజనలో పాడే పాటకు అది ముఖ్యం.

కీబోర్డు, కడప

అయివారు చెప్పింది నిజం. కోరస్‌లో మాకు ఎప్పుడూ గొడవ అక్కడే వస్తుంది.

పెద్దమ్మా, ఆ క్యాసెట్ ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే చెప్పండి, నేను వచ్చి శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తా. డబ్బు అవసరం లేదు.

పేరంటం, రాజంపేట

ఆయన పోయి ఆరేండ్లు అవుతోంది నాయనా. కూతురు రాయచోటిలో ఉంది, అడిగి చూస్తా.

నాపబండ, తాడిపత్రి

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. ఈ మూడు వారాలు మీ మాటలే తలలో తిరిగినాయి.

పెద్దమ్మ అడిగిన మాట చదివిన మర్నాడు మిషన్ దగ్గర ఉన్నా. నోట్లో ఏముండేది అన్నారు. వక్క. మా జేజి రోజంతా వక్కాకు నమిలేది. పాట ఎత్తుకొనే ముందు నమలడం ఆపి వక్కను నాలుకతో ఒక దవడలోకి నెట్టేది. బుగ్గ ఇంత ఉబ్బేది. ఒళ్లో పడుకొని కింది నుంచి చూస్తే ఆ బుగ్గే కనపడేది. బుగ్గ ఉబ్బిందంటే పాట వస్తుందని నాకు తెలిసిపోయేది. ఇన్నేండ్లు అది నాకు గుర్తుందని కూడా నాకు తెలియదు.

నాలుగు నెలల తర్వాత నడక మళ్లీ వచ్చింది. మిషన్ ఆపేసినా. పక్క మిషన్ మీద పని చేసే అన్న కరెంటు పోయిందేమో అనుకొని చూసినాడు. నీళ్లు పారుతూనే ఉన్నాయి. అక్కడే బండ మీద వేలితో రాసినా. తడి బండ కదా, రాసింది రాసినట్టే చెరిగిపోతా ఉంది. అందుకని గట్టిగా పాడినా, మరిచిపోతానేమో అని. ఫ్యాక్టరీలో అందరూ విన్నారు. పాత చరణం మొత్తం తీసేసినా. ఇది కొత్తది:

వక్క పక్క దవడ పెట్టి జేజీ
లెక్కలేని పాటలల్లి జేజీ
ఒక్క పాట రాయలేదు జేజీ
ఒక్కటైన మరవలేదు జేజీ

అయివారూ, మీరు చెప్పినట్టు మర్నాడే లెక్క వేసినా. వక్క మూడు, పక్క మూడు, దవడ మూడు, పెట్టి మూడు. నాలుగు పాదాలూ వేసినా, ఎక్కడా తప్పలేదు. నాలుగింట్లోనూ రెండో అక్షరం క్కనే వచ్చింది. దాని కోసం నేను వెతకలేదు. తప్పుంటే చెప్పండి.

పెద్దమ్మా, మొన్న శనివారం భజనకు పోయినా. వెనక వరుసలోనే కూర్చున్నా. భజన గురువు జేజి పోయిన రాత్రి వచ్చినాయనే, నన్ను గుర్తుపట్టి, 'జేజి పాట పాడతావా' అని ఆయనే అడిగినాడు. పాడినా. రెండోసారికి అందరూ జేజీ అనే చోట కలిసినారు. మా నాయన గుడి మెట్ల మీద కూర్చొని ఉన్నాడు, ఈసారి లేచి పోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు దోవలో ఆయన, 'ఒక్కటైన మరవలేదు అన్నావు. ఆమె మరవలేదు, మేం మరిచిపోయినాం' అన్నాడు. ఆయనకు జేజి పాటలు రెండే గుర్తున్నాయి, అవి కూడా సగం సగం. రాత్రి మా మేనత్తకు ఫోన్ చేసినా, గుత్తి దగ్గర ఉంటుంది. ఆమె లెక్క పెట్టి తొమ్మిది అంది. కాసేపటికి తనే మళ్లీ ఫోన్ చేసి, చెనక్కాయలు వలిచేటప్పుడు పాడేది ఇంకొకటి గుర్తొచ్చింది, పది అంది. ఆదివారం నాయన, నేను గుత్తికి పోతున్నాం. నోట్‌బుక్ కొన్నా.